భారీ నక్షత్రాలు పుట్టే దట్టమైన వాయు మేఘాలను పరిశీలించే పద్ధతి

సూర్యుని ద్రవ్యరాశికి 8 రెట్లు, అంతకు పైబడిన నక్షత్రాలను భారీ నక్షత్రాలుగా లెక్కిస్తారు. ఇవి అరుదుగా పుడతాయి, పుట్టినా ఒంటరిగా కాక గుంపులో పుడతాయి. గర్భంలో హైడ్రోజన్ సంలీనం మొదలైన తరువాత కూడా చుట్టూ ఉన్న వాయువును తమలోకి లాక్కుంటూనే ఉంటాయి. ఆపైన తమ అతినీలలోహిత కాంతితో, కన్న మేఘాన్నే అయనీకరించి చెదరగొడతాయి. అందువల్ల పుట్టుకకు ముందరి దశను చూడదలచినవారు నక్షత్రాలింకా వెలగని, 10 నుంచి 20 కెల్విన్‌ల చలిలో ఉన్న మేఘాలను వెతికి పట్టుకోవాలి. ఒరాయన్ నెబ్యులా సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి మనకు దగ్గరే అయినా, దాని నడుమనున్న ట్రెపీజియం తారలు ఇప్పటికే వెలిగిపోయాయి. చల్లగా, బరువుగా ఉండే మేఘాలు ఎక్కువగా పాలపుంత లోపలి భాగంలో, 10,000 కాంతి సంవత్సరాలు దాటిన దూరాల్లో దొరుకుతాయి. వాటి లోపలి నుంచి కంటికి కనిపించే కాంతి ఏమాత్రమూ బయటికి రాదు కనుక, పని అంతా పరారుణ, మిల్లీమీటరు, రేడియో తరంగాలతోనే జరగాలి.

ఈ వ్యాసం ఇలాంటి ఒక మేఘాన్ని ఎంచుకొని, ఆర్కైవ్ దత్తాంశంతో మొదలుపెట్టి, టెలిస్కోపు సమయం అడిగేదాకా వెళ్లాలనుకునే పరిశోధక విద్యార్థి కోసం రాసినది. పని జరగవలసిన క్రమం ఇది: ముందు మేఘం నిజంగా ఉందని తేల్చుకోవాలి, తరువాత దూరం, ఆ తరువాత ఉష్ణోగ్రత, అప్పుడే ద్రవ్యరాశి, చివరగా ఇంటర్‌ఫెరోమీటర్, అంటే అనేక యాంటెన్నాలను కలిపి ఒకే టెలిస్కోపులా వాడే సాధనం. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందే అల్మా (చిలీలోని యాంటెన్నాల జాలం) చిత్రం సంపాదించి, అందులోని చుక్కలకు తోచిన ఉష్ణోగ్రతను అంటగట్టి ద్రవ్యరాశులు ప్రకటించే ధోరణి కొత్తవారిలో ఎక్కువ. చిత్రం ఎంత అందంగా ఉన్నా, ఉష్ణోగ్రత తెలియని చుక్క బరువు తెలియని చుక్కే.

మేఘాన్ని ఎంచుకోవడం

1990ల మధ్యలో ఐఎస్ఓ, ఎంఎస్ఎక్స్ అనే రెండు అంతరిక్ష పరిశోధనలు పాలపుంత తలం వెంట పరారుణ కాంతిలోనూ నల్లగా కనిపించే మచ్చలను బయటపెట్టాయి. వీటిని పరారుణ కృష్ణ మేఘాలు అంటారు. వెనుకనుంచి వచ్చే మెరుపును అడ్డుకోవడం వల్లనే ఇవి నల్లగా కనిపిస్తాయి కనుక, 8 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర తీసిన చిత్రమే వెతుకులాటకు తగిన మొదటి పటం. స్పిట్జర్ టెలిస్కోపు చేసిన గ్లింప్స్ సర్వేలో ఈ చిత్రాలు ఉచితంగా లభిస్తాయి. అదే టెలిస్కోపు మిప్స్‌గాల్ సర్వే 24 మైక్రాన్ల దగ్గర, హెర్షెల్ చేసిన హై-గాల్ సర్వే 70 నుంచి 500 మైక్రాన్ల దాకా, చిలీలోని అపెక్స్ డిష్ చేసిన అట్లాస్‌గాల్ సర్వే 870 మైక్రాన్ల దగ్గర పాలపుంత తలాన్ని పటం గీశాయి.

అలాదిన్ లేదా డీఎస్9 వంటి సాఫ్ట్‌వేర్‌లో 8 మైక్రాన్ల చిత్రాన్ని తెరిచి, దానిపై 870 మైక్రాన్ల సమోన్నత రేఖలను పరచండి. ఈ ఒక్క పని ఎంతో శ్రమను ఆదా చేస్తుంది. ఎందుకంటే 8 మైక్రాన్లలో నల్లగా కనిపించే ప్రతి చోటా మేఘం ఉండనక్కరలేదు. వెనుక వెలుగు తక్కువగా ఉన్న చోటు కూడా అలాగే కనిపిస్తుంది. చల్లని ధూళి తానుగా వెలువరించే 870 మైక్రాన్ల కాంతి ఆ నల్లని ఆకారాన్ని అనుసరించి ఉంటేనే అది మేఘమని నమ్మవచ్చు.

ఉదాహరణగా జీ28.34+0.06 అనే మేఘాన్ని తీసుకుందాం. పేరులోని అంకెలు పాలపుంత నిర్దేశాంకాలు: రేఖాంశం 28.34 డిగ్రీలు, అక్షాంశం 0.06 డిగ్రీలు. దీనిలో పీ1, పీ2 అని పిలిచే రెండు ప్రధాన గడ్డలున్నాయి. పీ2లో పరారుణ కాంతి వెలువరించే ప్రోటోస్టార్, అంటే ఇంకా తయారవుతున్న నక్షత్రం, ఇప్పటికే ఉంది, అక్కడి వాయువు వేడెక్కింది; పీ1 మాత్రం ఇంకా చల్లగా, చీకటిగా ఉంది. ఒకే మేఘంలో, ఒకే దూరంలో రెండు దశలు పక్కపక్కనే దొరకడం పరిశీలకునికి పెద్ద వరం, ఎందుకంటే రెండింటినీ పోల్చేటప్పుడు దూరంలోని పొరపాటు రెండింటికీ సమానంగానే వర్తిస్తుంది. మొదటి లక్ష్యంగా ఇలాంటి జంటను ఎంచుకోమనే నా సలహా.

ఎంచుకున్న ప్రతి గడ్డనూ 24, 70 మైక్రాన్ల చిత్రాల్లో చూసి, అక్కడ చుక్కలాంటి మూలం ఉందో లేదో రాసుకోవాలి. 70 మైక్రాన్లలోనూ చీకటిగా ఉన్న గడ్డలు అతి తొలి దశవి. తరువాత మేసర్ల, అంటే సహజంగానే లేజరులా బలపడి వెలిగే రేడియో మూలాల, జాబితాలు చూడాలి. 6.7 గిగాహెర్ట్జ్ దగ్గర వెలిగే మిథనాల్ మేసర్‌ను 1991లో కార్ల్ మెంటెన్ కనుగొన్నారు. ఇది భారీ నక్షత్రాలు పుట్టే చోట్ల తప్ప కనిపించదు కనుక దీని విలువ ఎక్కువ. 22.235 గిగాహెర్ట్జ్ నీటి మేసర్ చిన్న నక్షత్రాల దగ్గరా కనిపిస్తుంది, కాబట్టి దానిని సహాయక సాక్ష్యంగానే తీసుకోవాలి. చివరగా 5 గిగాహెర్ట్జ్ దగ్గర అమెరికాలోని వీఎల్ఏ యాంటెన్నాల జాలంతో చేసిన కార్నిష్ సర్వేలో ఆ చోట రేడియో మూలం ఉంటే, అక్కడ ఒక తార ఇప్పటికే అయనీకరణ మొదలుపెట్టిందని అనుమానించాలి.

దూరం

దూరం తప్పితే తరువాతి లెక్కలన్నీ తప్పుతాయి. పరిమాణం దూరానికి అనుపాతంలో, ద్రవ్యరాశి దూరపు వర్గానికి అనుపాతంలో పెరుగుతాయి. సాధారణంగా మేఘపు వేగాన్ని ఒక వర్ణపట రేఖ నుంచి కొలిచి, పాలపుంత భ్రమణ నమూనాతో సరిపోల్చి దూరాన్ని లెక్కగడతారు. సూర్యుని కక్ష్యకు లోపలి భాగంలో ఒకే వేగానికి రెండు దూరాలు పొసగుతాయి. జీ28.34+0.06 వేగం సెకనుకు 79 కిలోమీటర్లు. దానికి దగ్గరి దూరం 4.8 కిలోపార్సెక్‌లు, అంటే దాదాపు 15,600 కాంతి సంవత్సరాలు. దూరపు జవాబు సుమారుగా దీనికి రెట్టింపు. అది నిజమైతే ద్రవ్యరాశి నాలుగు రెట్లవుతుంది.

ఈ సందిగ్ధాన్ని విడదీయడానికి కృష్ణ మేఘాల విషయంలో ఒక తేలిక దారి ఉంది: మేఘం నల్లగా కనిపించాలంటే దాని వెనుక చాలా వెలుగు ఉండాలి, ముందు తక్కువ వెలుగు ఉండాలి, అందువల్ల అది దగ్గరి దూరంలోనే ఉండే అవకాశం ఎక్కువ. 21 సెంటీమీటర్ల హైడ్రోజన్ రేఖలో అదే వేగం దగ్గర శోషణ గుంట కనిపిస్తే ఈ అనుమానం బలపడుతుంది. మేసర్ ఉన్న చోట, ఖండాంతర రేడియో జాలాలతో కొలిచిన దృష్టివిక్షేపం (భూమి కక్ష్యలో కదలడం వల్ల మూలం స్థానంలో కనిపించే స్వల్ప మార్పు) దొరికితే మరేదీ అక్కరలేదు, దానినే వాడండి.

ఉష్ణోగ్రతకు అమ్మోనియా

ఈ రంగంలో ఒకే ఒక్క పరిశీలనకు సమయం దొరుకుతుందంటే, నేను అమ్మోనియానే కోరుకుంటాను. 1968లో చార్లెస్ టౌన్స్ బృందం అంతరిక్షంలో కనుగొన్న ఈ అణువు, 23.694 గిగాహెర్ట్జ్ దగ్గర (1,1) రేఖను, 23.723 గిగాహెర్ట్జ్ దగ్గర (2,2) రేఖను ఇస్తుంది. పౌనఃపున్యంలో రెండూ పక్కపక్కనే ఉన్నందున ఒకే రిసీవరుతో ఒకేసారి నమోదవుతాయి, బీమ్ (టెలిస్కోపు ఆకాశంలో విడదీయగల అతి చిన్న చుక్క) పరిమాణమూ దాదాపు ఒకటే, అమరిక లోపాలు రెండింటికీ సమానం. శక్తి స్థాయిల్లో మాత్రం వాటి మధ్య సుమారు 41 కెల్విన్‌ల తేడా ఉంది. కనుక రెండింటి తీవ్రతల నిష్పత్తి నేరుగా వాయువు ఉష్ణోగ్రతను చెబుతుంది.

అమ్మోనియా (1,1) రేఖను తెరమీద మొదటిసారి చూసినవారు ఒకే మేఘంలో ఐదు వేగాలున్నాయని భ్రమపడవచ్చు. నడుమ ఒక పెద్ద శిఖరం, దానికి ఇరువైపులా సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల దగ్గర ఒక జత, 19.5 కిలోమీటర్ల దగ్గర మరో జత చిన్న శిఖరాలు ఉంటాయి. ఇది అతిసూక్ష్మ నిర్మాణం; ఐదింటిలోనూ మరింత సన్నని రేఖలు దాగి ఉంటాయి, మొత్తం 18. వాయువు పలచగా ఉండి కాంతి అడ్డులేకుండా బయటికి వచ్చినప్పుడు, లోపలి జతలో ఒక్కో శిఖరం నడుమ శిఖరంలో 28 శాతం, బయటి జతలో ఒక్కోటి 22 శాతం ఎత్తు ఉండాలి. పక్క శిఖరాలు అంతకంటే ఎత్తుగా కనిపిస్తే, నడుమ శిఖరం తన కాంతిని తానే మింగుకుంటోందని అర్థం. ఎంత మింగుకుంటోందో ఆ నిష్పత్తే చెబుతుంది, అంటే అపారదర్శకతను వేరే కొలతలేమీ లేకుండా తెలుసుకోవచ్చు. ఈ సౌలభ్యం కార్బన్ మోనాక్సైడ్‌కు లేదు.

దీనినిబట్టి రేడియో వర్ణపటమాపకాన్ని అమర్చుకోవాలి. ఐదు శిఖరాలూ, వాటికిరువైపులా ఖాళీ ఆధారరేఖా రావాలంటే కనీసం సెకనుకు 60 కిలోమీటర్ల వెడల్పు కావాలి. ఒక్కో ఛానెల్ సెకనుకు 0.2 కిలోమీటరు ఉండాలనుకుంటే ఈ పౌనఃపున్యం దగ్గర అది సుమారు 16 కిలోహెర్ట్జ్ అవుతుంది. వెడల్పాటి ఛానెళ్లతో సమయం ఆదా చేద్దామనుకోవడం ఇక్కడ నష్టం, ఎందుకంటే ప్రశాంతంగా ఉన్న గడ్డల్లో రేఖ వెడల్పు సెకనుకు 1 కిలోమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. గ్రీన్ బ్యాంక్ 100 మీటర్ల డిష్‌తో ఈ రేఖ దగ్గర బీమ్ సుమారు 31 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ డిగ్రీలో 3,600వ వంతు), అంటే మన ఉదాహరణ మేఘం దగ్గర 0.7 పార్సెక్. గడ్డ మొత్తానికి ఒక ఉష్ణోగ్రత చాలనుకుంటే అది సరిపోతుంది. లోపల మార్పు చూడాలంటే వీఎల్ఏను దాని అతి చిన్న అమరిక అయిన డీ అమరికలో అడగాలి. ఈ రేఖలు 22 గిగాహెర్ట్జ్ నీటి ఆవిరి రేఖకు పొరుగున ఉన్నాయి కాబట్టి, తేమ ఎక్కువున్న రోజుల్లో తీసిన దత్తాంశంలో రొద పెరుగుతుంది.

మరొక హెచ్చరిక: (1,1), (2,2) నిష్పత్తి 25 లేదా 30 కెల్విన్‌ల పైన మొద్దుబారుతుంది. పీ2 వంటి వెచ్చని గడ్డలకు (4,4), (5,5) వంటి పై రేఖలు కావాలి, లేదా 220.7 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మెట్లలా వరుసగా వచ్చే మిథైల్ సయనైడ్ రేఖలు కావాలి.

ద్రవ్యరాశి, దానిలోని అనిశ్చితి

ధూళి వెలువరించే మిల్లీమీటరు కాంతి నుంచి ద్రవ్యరాశిని రాబట్టే సూత్రం చిన్నది. కొలిచిన ప్రవాహాన్ని, అంటే మనకు చేరే కాంతి మోతాదును, దూరపు వర్గంతో గుణించి, ధూళి ఉద్గార గుణకంతోనూ, ఆ ఉష్ణోగ్రత దగ్గరి ప్లాంక్ ఫలంతోనూ భాగించాలి. వాయువు ధూళికి 100 రెట్లు బరువుంటుందని మామూలుగా తీసుకుంటారు. 1.3 మిల్లీమీటర్ల దగ్గర గ్రాము ధూళికి 0.9 చదరపు సెంటీమీటర్ల గుణకాన్ని చాలామంది వాడతారు. ఇది రెండు రెట్ల మేరకు అటూఇటూ కావచ్చు.

4.8 కిలోపార్సెక్‌ల దూరంలో, 1.3 మిల్లీమీటర్ల దగ్గర 2 మిల్లీజాన్‌స్కీల (జాన్‌స్కీ రేడియో ప్రవాహానికి ప్రమాణం) ప్రవాహం ఉన్న ఒక చుక్కను కొలిచామనుకుందాం. దాని ఉష్ణోగ్రత 15 కెల్విన్‌లు అయితే ద్రవ్యరాశి దాదాపు 1.5 సూర్యులు. 10 కెల్విన్‌లే అయితే 2.8 సూర్యులు. 20 అయితే 1 సూర్యుడు. లోపల ప్రోటోస్టార్ ఉండి 40 కెల్విన్‌లకు వేడెక్కి ఉంటే సగం సూర్యుడు కూడా రాదు. ఒకే చుక్క, ఒకే ప్రవాహం, జవాబులో మాత్రం ఆరు రెట్ల తేడా. ఉష్ణోగ్రత కొలత లేకుండా కేంద్రకాల (గడ్డ లోపలి చిన్న దట్టమైన ముద్దల) ద్రవ్యరాశి పంపిణీ గురించి నిర్ధారణలు చేసిన పటాలను నేను అనుమానంతో చూడటానికి కారణం ఇదే.

హెర్షెల్ చిత్రాలనుంచి కూడా ధూళి ఉష్ణోగ్రత రాబట్టవచ్చు. 160 నుంచి 500 మైక్రాన్ల దాకా ఉన్న ప్రవాహాలను సవరించిన కృష్ణవస్తు వక్రరేఖకు సరిపెట్టాలి. అన్ని చిత్రాలనూ ముందు ఒకే బీమ్‌కు, అంటే 500 మైక్రాన్ల దగ్గరి సుమారు 36 ఆర్క్‌సెకన్లకు మసకబార్చాలి. 70 మైక్రాన్లను ఈ సరిపెట్టడంలో కలపవద్దు, ఆ కాంతి చిన్న చిన్న వేడి రేణువులనుంచీ, లోపలి తారనుంచీ వస్తుంది. దృష్టి రేఖ వెంట ముందూ వెనకా ఉన్న వెచ్చని ధూళి కూడా కలిసిపోతుంది కాబట్టి, ఇలా వచ్చే ఉష్ణోగ్రత గడ్డ లోపలి నిజమైన చలికన్నా ఎక్కువగానే ఉంటుంది. అమ్మోనియాతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ గడ్డ భారీ నక్షత్రాన్ని పుట్టించగలదా అన్నదానికి ఒక ముడి కొలమానం ఉంది. వ్యాసార్ధాన్ని పార్సెక్‌లలో తీసుకొని 1.33 ఘాతానికి ఎత్తి, 870తో గుణిస్తే వచ్చే సంఖ్య కంటే గడ్డ ద్రవ్యరాశి, సూర్యుని ప్రమాణంలో, ఎక్కువగా ఉండాలి. అర పార్సెక్ వ్యాసార్ధానికి అది సుమారు 350 సూర్యులు. తెలిసిన ప్రాంతాలను పోల్చి చూసి కౌఫ్‌మన్, పిల్లై ప్రతిపాదించిన గీత ఇది. భౌతిక నియమం కాదు. గీత దాటిన గడ్డలన్నీ భారీ నక్షత్రాలను కంటాయని హామీ లేదు, కానీ దాని కింద ఉన్నవాటిపై అల్మా సమయం ఖర్చు చేయడం నా దృష్టిలో దండగ.

ఏ అణువును చూడాలి

మేఘంలో అధిక భాగం హైడ్రోజన్ అణువే అయినా దానిని నేరుగా చూడలేము. దానికి శాశ్వత ద్విధ్రువం లేదు. తొలి భ్రమణ రేఖ అయిన 28 మైక్రాన్ల ఉద్గారం రావాలంటే 510 కెల్విన్‌ల శక్తి కావాలి, ఇక్కడేమో 15 కెల్విన్‌లే ఉన్నాయి. అందుకే 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ 115.271 గిగాహెర్ట్జ్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌ను కనుగొన్ననాటి నుంచి అది మేఘాల పటాలకు ఆధారమైంది. దట్టమైన గడ్డల లోపలికి మాత్రం అది పనికిరాదు. మేఘపు పైపొరలోనే దాని కాంతి ఆగిపోతుంది. 20 కెల్విన్‌ల కింద అది ధూళి రేణువుల మీద మంచుగా గడ్డకట్టి వాయువునుంచే మాయమవుతుంది. అరుదైన ఐసోటోపులున్న అణువులు మొదటి సమస్యను కొంత తగ్గిస్తాయి, రెండవదానిని తగ్గించవు.

నడుమ భాగాన్ని చూడటానికి 93.17 గిగాహెర్ట్జ్ దగ్గరి ఎన్2హెచ్ ప్లస్ అయాన్ తగినది. కార్బన్ మోనాక్సైడ్ వాయువులో ఉన్నంతసేపూ ఈ అయాన్‌ను నాశనం చేస్తూ ఉంటుంది. అది గడ్డకట్టగానే ఇది పెరుగుతుంది. అంటే మిగతా అణువులు మాయమయ్యే చోటే ఇది వెలుగుతుంది. దీనికీ అతిసూక్ష్మ నిర్మాణం ఉంది. ప్రధాన గుంపునుంచి సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా నిలిచే ఒక భాగం వేగాలను కొలవడానికి చాలా అనుకూలం. హైడ్రోజన్ సయనైడ్, హెచ్‌సీఓ ప్లస్ రేఖలు దట్టమైన వాయువుకే చెందినవని పాత పుస్తకాలు చెబుతాయి. ఒరాయన్ మేఘాలను విశాలంగా పటం గీసినప్పుడు, హైడ్రోజన్ సయనైడ్ కాంతిలో ఎక్కువ భాగం పలచని వాయువునుంచే వస్తోందని తేలింది. కాబట్టి ఆ రేఖ కనిపించినంత మాత్రాన సాంద్రత ఎక్కువని రాయవద్దు.

86.85 గిగాహెర్ట్జ్ దగ్గరి సిలికాన్ మోనాక్సైడ్ రేఖను కూడా అమరికలో చేర్చుకోండి. సిలికాన్ మామూలుగా రేణువుల లోపల బంధించి ఉంటుంది. షాక్ తరంగం రేణువులను పగలగొట్టినప్పుడే బయటపడుతుంది. ఆ రేఖకు రెండు వైపులా పొడవాటి రెక్కలు కనిపిస్తే, లోపల ఎక్కడో ఒక ప్రోటోస్టార్ వాయువును చిమ్ముతోందని దాదాపు ఖాయం. రెక్కలు లేకుండా సన్నగా, విశాలంగా వ్యాపించి ఉంటే మేఘాలు ఢీకొన్న ఫలితం కావచ్చు.

ఇంటర్‌ఫెరోమీటర్ సమయం అడగడం

ఇప్పుడు అల్మా ప్రతిపాదనకు అంకెలు సిద్ధంగా ఉంటాయి. 15 కెల్విన్‌ల ఉష్ణోగ్రత, ఘన సెంటీమీటరుకు లక్ష హైడ్రోజన్ అణువుల సాంద్రత ఉన్న వాయువుకు జీన్స్ పొడవు (వాయువు తన గురుత్వంతో ముక్కలయ్యే పరిమాణం) సుమారు 0.07 పార్సెక్, జీన్స్ ద్రవ్యరాశి సుమారు 1.5 సూర్యులు. 4.8 కిలోపార్సెక్‌ల దగ్గర ఆ పొడవు 3 ఆర్క్‌సెకన్లు. ముక్కలవుతున్న తీరును చూడాలంటే దానిని కనీసం మూడు బీమ్‌లతో విడదీయాలి, కనుక 1 ఆర్క్‌సెకన్ బీమ్ అడగాలి. జీన్స్ ద్రవ్యరాశి ఉన్న కేంద్రకం 2 మిల్లీజాన్‌స్కీలిస్తుందని పైన చూశాము. ఆ కాంతి కొన్ని బీమ్‌ల మీద పరచుకుంటుంది కాబట్టి రొద 0.2 మిల్లీజాన్‌స్కీ లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ప్రతిపాదనలో ఈ లెక్కను ఇలాగే, వరుసగా చూపాలి. సమీక్షకులు ముందుగా వెతికేది, అడిగిన బీమ్, అడిగిన రొద శాస్త్ర ప్రశ్ననుంచి పుట్టాయా లేదా అన్నదే. అల్మా సమీక్షలో ప్రతిపాదకుల పేర్లు సమీక్షకులకు కనిపించవు, కాబట్టి మీ పాత పనిని ప్రస్తావించేటప్పుడు కూడా అది ఇతరులదైనట్టే రాయాలి.

విశాలమైన వాయువు మాయమయ్యే సమస్యను ఇక్కడే పట్టించుకోవాలి. ఇంటర్‌ఫెరోమీటర్ తన అతి దగ్గరి యాంటెన్నాల మధ్య దూరం అనుమతించినంత పెద్ద ఆకారాలనే చూడగలదు. 12 మీటర్ల యాంటెన్నాలు 15 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు 1.3 మిల్లీమీటర్ల దగ్గర అది 10 నుంచి 12 ఆర్క్‌సెకన్లు, అంటే పావు పార్సెక్. మన గడ్డ పార్సెక్ వెడల్పు, అంటే 43 ఆర్క్‌సెకన్లు ఉంటుంది. పెద్ద జాలాన్ని మాత్రమే వాడితే వలలోంచి జారిపోయే నీటిలా మేఘంలో ఎక్కువ భాగం జారిపోతుంది. కేంద్రకాలు మిగులుతాయి, వాటిని పోషించే వాయువు పోతుంది. అందుకే 7 మీటర్ల యాంటెన్నాల చిన్న జాలాన్నీ, వర్ణపట రేఖల కోసం ఒంటరి డిష్ కొలతలనూ కలిపి అడగాలి. అల్మా ఒంటరి డిష్ విధానం ధూళి నిరంతర ఉద్గారానికి వర్తించదు కనుక, ధూళి విషయంలో పోయిన భాగాన్ని అట్లాస్‌గాల్ వంటి పటంతో పోల్చి అంచనా వేసుకోవాలి. యాంటెన్నా చూసే క్షేత్రం 230 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 27 ఆర్క్‌సెకన్లే, కనుక గడ్డ మొత్తం రావాలంటే పక్కపక్కన అనేక చూపులతో మొజాయిక్ తీయాలి.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. యాంటెన్నాలను ఏడాదిలో వేర్వేరు అమరికల్లోకి మారుస్తారు. మీకు కావలసిన అమరిక ఉన్న నెలల్లో మీ మేఘం మంచి ఎత్తులో ఉందో లేదో ప్రతిపాదనలను పిలిచే ప్రకటనలోని పట్టికతో సరిపోల్చుకోవాలి. ఉదాహరణ మేఘం ఖగోళ మధ్యరేఖకు 4 డిగ్రీల దక్షిణంగా ఉంది. అల్మా నుంచి అది 71 డిగ్రీల ఎత్తుకు, వీఎల్ఏ నుంచి 52 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. రెండు చోట్లనుంచీ బాగా కనిపించే మేఘాన్ని ఎంచుకోవడంలోని లాభం ఇది. అన్నిటికీ ముందు అల్మా ఆర్కైవ్‌లో వెతకడం మరవకండి. దత్తాంశం సాధారణంగా 12 నెలల తరువాత అందరికీ తెరుచుకుంటుంది. పేరున్న మేఘాల్లో చాలావాటికి ఇప్పటికే ఏదో ఒక దత్తాంశం ఉంది.

దత్తాంశాన్ని చదవడం

కాసా సాఫ్ట్‌వేర్‌తో చిత్రాన్ని తయారుచేసేటప్పుడు, ధూళి నిరంతర ఉద్గారం కోసం రేఖలు లేని ఛానెళ్లను చేత్తో ఎంచుకోండి. వేడి కేంద్రకాల్లో వందల కొద్దీ అణు రేఖలు వర్ణపటాన్ని నింపేస్తాయి. వాటిని కలుపుకుంటే ధూళి ప్రవాహం, దానితో ద్రవ్యరాశి పెరిగిపోతాయి. అయనీకరించిన వాయువు ఉన్న చోట మరో కల్తీ ఉంటుంది. సెంటీమీటరు తరంగాల్లో కొలిచిన ప్రవాహాన్ని, పౌనఃపున్యం పెరిగే కొద్దీ స్వల్పంగా తగ్గుతుందన్న నియమంతో మిల్లీమీటరుకు పొడిగించి తీసివేయాలి. అయితే అతి దట్టమైన అయనీకృత ముద్దల్లో ప్రవాహం తగ్గకపోగా పౌనఃపున్యపు వర్గంతో పెరుగుతుంది, కనుక కనీసం రెండు సెంటీమీటరు తరంగాల దగ్గర కొలత లేకుండా ఈ తీసివేతను నమ్మరాదు.

గడ్డ తన బరువుకు తానే కుంగుతోందా అన్నదానికి, రేఖ వెడల్పు, వ్యాసార్ధం, ద్రవ్యరాశి కలిపి విరియల్ పరామితిని లెక్కిస్తారు. రేఖ వెడల్పు సెకనుకు 1.9 కిలోమీటర్లు, వ్యాసార్ధం అర పార్సెక్, ద్రవ్యరాశి 1,000 సూర్యులు అయితే అది 0.38 వస్తుంది. 2 కంటే తక్కువగా ఉంటే గురుత్వానిదే పైచేయి అంటారు. ఈ లెక్కలో అయస్కాంత క్షేత్రం లేదన్నది గుర్తుంచుకోవాలి. ధ్రువణ కొలతలు లేకుండా మేఘం తప్పక కూలిపోతోందని రాయడం తొందరపాటు. వాయువు లోపలికి పడుతున్నదనడానికి నేరు గుర్తు వేరే ఉంది. హెచ్‌సీఓ ప్లస్ వంటి అపారదర్శక రేఖ రెండు శిఖరాలుగా చీలి, నీలి వైపు శిఖరం ఎత్తుగా ఉండాలి. ఎన్2హెచ్ ప్లస్ ఒంటరి భాగం వంటి పారదర్శక రేఖ ఆ రెండింటి నడుమ గుంటలో ఒకే శిఖరంగా నిలవాలి. రెండవది లేకుండా మొదటిది చూపితే, అది పక్కపక్కనున్న రెండు మేఘాలు కావచ్చు.

అందరికీ ఆకర్షణీయమైన ప్రశ్న చివరిది: ఇంకా నక్షత్రమే లేని భారీ కేంద్రకం దొరికిందా? 70 మైక్రాన్లలో చీకటిగా ఉన్నంత మాత్రాన ఆ మాట అనలేము. అలాంటి గడ్డల్లో అల్మా చూసిన చాలా చోట్ల కార్బన్ మోనాక్సైడ్, సిలికాన్ మోనాక్సైడ్ రేఖల్లో బయటికి చిమ్మే వాయు ప్రవాహాలు బయటపడ్డాయి. చిన్న ప్రోటోస్టార్లు ధూళి వెనుక దాక్కొని ఉన్నాయన్నమాట. పదుల సూర్యుల ద్రవ్యరాశి ఉండి, పూర్తిగా ప్రశాంతంగా ఉన్న కేంద్రకాలు ఎంత వెతికినా బహు అరుదు. అందుకే వాయు ప్రవాహపు రెక్కలు, మిథైల్ సయనైడ్ వేడి చుక్క, మేసర్, సెంటీమీటరు రేడియో మూలం, ఈ నాలుగూ లేవని ఒక్కొక్కటిగా చూపిన తరువాత కూడా, నక్షత్రం లేదని రాయకుండా ప్రోటోస్టార్ గుర్తులు కనిపించలేదని రాయండి. దాని పక్కనే, వాడిన దూరం, ఉష్ణోగ్రత, ధూళి గుణకం, ఒక్కో పరిశీలనలోని రొద ఇచ్చి, ఆ దూరంలో ఎంత ప్రకాశమున్న ప్రోటోస్టార్ వరకు మీ కంటికి చిక్కి ఉండేదో ఆ హద్దును సూర్యుని ప్రకాశ ప్రమాణంలో తెలపండి. వచ్చే ఏడు మరింత సున్నితంగా చూడబోయేవారు తమ కొలతను పోల్చుకునేది ఆ హద్దుతోనే.